వాదానికి చోటున్న తరగతి: వయోజనుల రాజకీయ విద్యలో బోధకుని నైతిక బాధ్యత

1. ప్రవేశిక

తెలుగులో 'వయోజన' అనే మాట ప్రధానంగా రెండు పదబంధాలలో వాడుకలో ఉంది. ఒకటి వయోజన ఓటు హక్కు, రెండవది వయోజన విద్య. మొదటి దానిలో వయోజనుడు తీర్పరి. ప్రభుత్వాలను నిలపగలడు, దించగలడు. రెండవ దానిలో అదే మనిషి పలక పట్టుకుని కూర్చున్న విద్యార్థి. ఒకే మనిషికి ఒకే సమాజం ఇచ్చిన ఈ రెండు హోదాల మధ్య వైరుధ్యం ఉంది. అక్షరాలు, లెక్కలు నేర్పేటప్పుడు ఆ వైరుధ్యం పైకి కనిపించదు. చరిత్ర, రాజకీయాలు, వర్తమాన వ్యవహారాలు బోధించేటప్పుడు అది తప్పించుకోలేని సమస్య అవుతుంది. ఏ విషయంలో తీర్పు చెప్పే అధికారం విద్యార్థికి ఇప్పటికే ఉందో ఆ విషయాన్నే అతనికి బోధించవలసి రావడం దీనికి కారణం.

ఈ తరగతిలో బోధకుడు తన రాజకీయ అభిప్రాయాన్ని ఏం చేయాలి? దాచాలా, ప్రకటించాలా? వయోజన విద్యను గురించిన చర్చలలో ఈ ప్రశ్నకు రెండు సిద్ధమైన సమాధానాలు వినిపిస్తాయి. బోధకుడు తటస్థంగా ఉండాలన్నది ఒకటి. తటస్థత అసాధ్యం కనుక పీడితుల పక్షం వహించాలన్నది మరొకటి. రెండు సమాధానాలూ బోధకుని గురించే మాట్లాడుతున్నాయి. తరగతిలోని నైతికతను నిర్ణయించేది అభ్యాసకునికి ఎదురు చెప్పే శక్తి, అవకాశం ఉన్నాయా లేవా అన్న అంశమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బోధకుని అభిప్రాయం గురించిన ప్రశ్నను ఆ అంశానికి లోబడే నిర్ణయించాలి. ఈ ప్రతిపాదనను న్యాయశాస్త్రం చెప్పిన వాద, జల్ప, వితండ భేదం ఆధారంగా, తెలుగు నేలకు చెందిన మూడు సందర్భాలలో పరిశీలిస్తాను.

2. తీర్పరికి పాఠమా?

ముందుగా ఒక మౌలికమైన ఆక్షేపణను ఎదుర్కోవాలి. వయోజనులకు రాజకీయాలు బోధించడమే తగదన్నది ఆ ఆక్షేపణ. హన్నా ఆరెంట్ విద్యలోని సంక్షోభాన్ని గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ వాదం చేసింది. రాజకీయ రంగంలో మనం వ్యవహరించేది ఇప్పటికే పెరిగి పెద్దయిన సమానులతో. వారికి చదువు చెబుతాననేవాడు నిజానికి వారికి సంరక్షకుడు కాదలచుకున్నాడు, వారిని రాజకీయ కార్యాచరణకు దూరంగా ఉంచదలచుకున్నాడు అన్నది ఆమె ఆందోళన. నిరంకుశ రాజ్యాలు పౌరులకు 'పునర్విద్య' పేరుతో ఏం చేశాయో చూసిన తరం మనిషి ఆమె. అందువల్ల ఈ ఆందోళనను తేలికగా తోసిపుచ్చలేం.

భారత రాజ్యాంగం ఈ ఆక్షేపణకు మరింత బలాన్నిస్తుంది. 1935 చట్టం కింద ఓటు హక్కు ఆస్తికి, పన్నుకు, చదువుకు ముడిపడి ఉండేది. రాజ్యాంగంలోని 326వ అధికరణం ఆ ముడి విప్పింది. 1951 జనాభా లెక్కల నాటికి దేశంలో అక్షరాస్యులు సుమారు 18 శాతం మాత్రమే. అయినా 1951-52 ఎన్నికలలో చదవడం రాని కోట్లమంది గుర్తులను చూసి ఓటు వేశారు. చదువు రావడం రాజకీయ విచక్షణకు ముందస్తు అర్హత కాదని గణతంత్రం తన మొదటి అడుగులోనే ప్రకటించింది. కనుక 'వీరికి రాజకీయాలు తెలియవు, మనం చెప్పాలి' అన్న భావనతో మొదలయ్యే తరగతి రాజ్యాంగం ఒప్పుకోని ఊహ మీద నిలబడినట్లవుతుంది.

అయితే విచక్షణ ఉండటం వేరు, విచక్షణకు కావలసిన సమాచారం అందుబాటులో ఉండటం వేరు. న్యాయమూర్తికి తీర్పు చెప్పే అధికారం ఉన్నంత మాత్రాన సాక్ష్యం అక్కరలేదని ఎవరూ అనరు. బడ్జెట్‌లో ఏ పద్దు ఎక్కడ ఉంటుందో, గ్రామసభకు ఏ అధికారాలున్నాయో, ఒక చట్టం ఏ పరిస్థితులలో వచ్చిందో తెలుసుకోవడం ఓటరు గౌరవానికి లోటు కాదు. ఆరెంట్ ఆక్షేపణ వయోజన రాజకీయ విద్యను నిషేధించదు. దానికి ఒక షరతు పెడుతుంది. తరగతిలో అభ్యాసకుడు సమానుడుగా ఉండాలి. ఆ సమానతను నోటిమాటగా వదిలివేయకుండా తరగతి నిర్మాణంలో ఎలా నిలుపుకోవాలన్నదే అసలు సమస్య.

3. తటస్థత: దాని బలం, దాని హద్దు

బోధకుడు తన రాజకీయ అభిప్రాయాన్ని వేదిక మీద చెప్పరాదన్న వాదానికి బలమైన రూపం ఇచ్చినవాడు మాక్స్ వేబర్. 1917లో మ్యూనిక్‌లో విజ్ఞానవృత్తిని గురించి చేసిన ప్రసంగంలో ఆయన చూపిన కారణం గమనించదగినది. తరగతి గదిలో ఆచార్యుడు మాట్లాడతాడు, విద్యార్థులు మౌనంగా ఉండవలసి వస్తుంది. ఎదురు మాట్లాడే అవకాశం లేనివారి ముందు రాజకీయ ప్రచారం చేయడం బాధ్యతారాహిత్యం. ప్రచారకునికి తగిన చోటు బహిరంగ సభ. అక్కడ విమర్శ సాధ్యం.

ఈ వాదం ఆధారపడింది శ్రోత మౌనం మీద. అభిప్రాయం స్వతహాగా కలుషితమైనదన్న ఊహ ఇందులో లేదు. మౌనం తొలగితే వాదానికి ఆధారమూ తొలగుతుంది. వయోజన విద్య చరిత్రలో ఆ మౌనాన్ని తొలగించే ప్రయత్నాలు ఉన్నాయి. ఇంగ్లండ్‌లో కార్మిక విద్యాసంఘం, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కలిసి 1908లో లాంగ్‌టన్, రోచ్‌డేల్ పట్టణాలలో ప్రారంభించిన తరగతులలో ఆర్. హెచ్. టానీ ఆర్థిక చరిత్ర బోధించాడు. రెండు గంటల తరగతిలో మొదటి గంట ఉపన్యాసానికి, రెండవ గంట చర్చకు కేటాయించారు. కుమ్మరి పరిశ్రమలోను, నూలు మిల్లులలోను పనిచేసేవారు ఆ రెండవ గంటలో తమ అనుభవంతో ఆచార్యుణ్ణి నిలదీయగలిగారు. టానీ సామ్యవాది, ఆ సంగతి రహస్యం కాదు. ఆ తరగతిని నిలబెట్టింది ఆ రెండవ గంట.

తటస్థతకు మరొక హద్దు ఉంది. చరిత్రను ఏ పక్షమూ వహించని పదాలతో చెప్పడం తరచుగా సాధ్యం కాదు. 1857ను 'సిపాయీల తిరుగుబాటు' అన్నా 'ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామం' అన్నా ఒక పక్షం వహించినట్లే. మాట ఎంపికలోనే తీర్పు దాగి ఉన్నప్పుడు తటస్థుణ్ణని చెప్పుకునే బోధకుడు తన తీర్పును దాచుకోగలుగుతాడు గాని తప్పించుకోలేడు. దాచిన తీర్పుకు ఎదురు చెప్పడం ప్రకటించిన తీర్పుకు ఎదురు చెప్పడం కంటే కష్టం.

4. పక్షపాతానికి దొరికే అనుమతి

రెండవ సమాధానం ఇక్కడి నుంచే బయలుదేరుతుంది. బ్రెజిల్ విద్యావేత్త పావ్లో ఫ్రేరీ బోధన ఎప్పుడూ రాజకీయమేనన్నాడు. 1963లో అంగికోస్‌లో సుమారు మూడువందల మంది శ్రామికులకు నలభై గంటల బోధనతో చదవడం, రాయడం నేర్పిన ప్రయోగం ఆయన పద్ధతికి పేరు తెచ్చింది. మరుసటి సంవత్సరపు సైనిక కుట్ర తర్వాత ఆయన జైలుకు వెళ్ళాడు. విద్యార్థి బుర్రను ఖాళీ ఖాతాగా భావించి అందులో జ్ఞానాన్ని జమ చేసే పద్ధతిని ఆయన ఖండించాడు, సంభాషణను కోరాడు.

ఆయన అనుయాయులమని చెప్పుకునేవారిలో అందరూ ఈ రెండవ భాగాన్ని గుర్తుంచుకోలేదు. 'తటస్థత లేదు' అన్న వాక్యం నుంచి 'కనుక నా పక్షాన్ని బోధించవచ్చు' అన్న వాక్యానికి దూకడం సులభం. ఆ దూకుడులో తర్కలోపం ఉంది. సంపూర్ణ ఆరోగ్యం ఎవరికీ లేదు కనుక రోగాన్ని పెంచుకోవచ్చునని ఎవరూ అనరు. సంపూర్ణ తటస్థత అసాధ్యమైనా, తనకు ఇష్టంలేని సాక్ష్యాన్ని కూడా విద్యార్థి ముందు పెట్టడం బోధకునికి సాధ్యమే. తటస్థత, సత్యనిష్ఠ ఒకటి కావు. మొదటిది లేకపోయినా రెండవదాన్ని కోరవచ్చు, కోరాలి కూడా.

5. వాదం, జల్పం, వితండ

ఈ రెండు సమాధానాల మధ్య మార్గాన్ని చూపడానికి మన శాస్త్ర సంప్రదాయంలో ఒక పరికరం ఉంది. న్యాయసూత్రాలు చర్చను మూడు విధాలుగా విభజించాయి. తత్త్వనిర్ణయం కోసం, ప్రమాణ తర్కాల ఆధారంగా, పక్ష ప్రతిపక్షాలను పరిగ్రహించి చేసేది వాదం. గెలుపు కోసం ఛలాన్ని, జాతిని, నిగ్రహస్థానాలను కూడా వాడుకునేది జల్పం. తన పక్షాన్ని స్థాపించకుండా ఎదుటివారి పక్షాన్ని కూలగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండ. వాదాన్ని శిష్యునితో, గురువుతో, సహాధ్యాయితో, శ్రేయస్సు కోరే ఇతరులతో, అసూయ లేనివారితో చేయాలని కూడా ఆ శాస్త్రం చెప్పింది. అంటే గురుశిష్యుల మధ్య సంభాషణ వాదరూపంలో ఉండవచ్చునని శాస్త్రమే అంగీకరించింది.

ఈ విభజనను వయోజన తరగతికి అన్వయిస్తే పై రెండు వైఖరుల లోపాలు స్పష్టమవుతాయి. నిర్ణయం ముందే ఖాయమైపోయిన పక్షపాత బోధన జల్పం. తన అభిప్రాయం బయటపెట్టకుండా అందరి అభిప్రాయాలనూ ప్రశ్నలతో చిక్కుల్లో పెట్టే తటస్థ బోధన వితండ. ఈ రెండవది చూడడానికి వినయంగా ఉంటుంది. కాని అందరూ గాయపడిన తరగతిలో గాయపడనివాడు బోధకుడొక్కడే అయితే అక్కడ సమానత లేదు. వాదంలో ఇద్దరికీ పక్షం ఉంటుంది, ఇద్దరూ ఓడిపోగలరు. బోధకుడు తన అభిప్రాయాన్ని ప్రకటించడంలోని నైతిక విలువ ఇక్కడ ఉంది: దాన్ని ఓడించే అవకాశం అభ్యాసకునికి ఇచ్చినట్లవుతుంది.

పూర్వపక్షం అనే భావన కూడా ఈ సందర్భంలో ఉపయోగపడుతుంది. ఎదుటి పక్షాన్ని దాని పూర్తి బలంతో ముందు చెప్పి, ఆ తర్వాతే సిద్ధాంతం చెప్పాలన్నది శాస్త్ర మర్యాద. దీనికి భిన్నంగా మన సభలలో ఉపన్యాసం ముగిశాక అధ్యక్షుడు 'సందేహాలుంటే అడగండి' అంటాడు. సందేహం నివృత్తి చేయవలసినది. లోపం శ్రోతలో ఉందని ఆ మాట సూచిస్తుంది. 'ఆక్షేపణలుంటే చెప్పండి' అన్న మాట అరుదుగా వినిపిస్తుంది. ఆక్షేపణలో లోపం వక్తలో ఉండే వీలుంది.

ఈ సంప్రదాయాన్ని ఆశ్రయించేటప్పుడు ఒక విషయం దాచకూడదు. ఆ వాదసభలలోకి స్త్రీలకు, శ్రమజీవులకు, అణగారిన కులాలకు ప్రవేశం దాదాపుగా లేదు. పూర్వపక్షాన్ని సాధారణంగా పండితుడే ఊహించి చెప్పాడు. వయోజన తరగతిలో పూర్వపక్షం దాన్ని నమ్మేవారి నోటనే రావాలి. శాస్త్రం నుంచి రూపాన్ని తీసుకుంటున్నాం. దాని ప్రవేశ నియమాలను కాదు.

6. మొదటి సందర్భం: కొత్తపట్నం, 1937

తెలుగునాట విజ్ఞానవ్యాప్తి, రాజకీయం మొదటి నుంచీ కలిసి నడిచాయి. 1906లో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి తొలి ప్రచురణ అబ్రహాం లింకన్ జీవితచరిత్ర. దాని రచయిత గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో పత్రికా రచనకుగాను రాజద్రోహ నేరం మీద జైలుకు వెళ్ళాడు. ఆ తరువాత గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు జీవితం అంకితం చేశాడు. 1914లో రూపుదిద్దుకున్న ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమం పఠనమందిరాలను ఊళ్ళలోకి తెచ్చింది. ఈ పరంపరలోనే 1930లలో వేసవి రాజకీయ పాఠశాలలు వచ్చాయి.

1937 మే నెలలో ఒంగోలు సమీపంలోని సముద్రతీర గ్రామం కొత్తపట్నంలో కాంగ్రెస్ సోషలిస్టులు అర్థశాస్త్ర, రాజకీయశాస్త్ర వేసవి పాఠశాల నిర్వహించారు. అప్పుడు మద్రాసులో అధికారంలో ఉన్నది కూర్మా వెంకటరెడ్డినాయుడు నాయకత్వంలోని తాత్కాలిక మంత్రివర్గం. ప్రభుత్వం పాఠశాలను నిషేధించింది. విద్యార్థుల మీద లాఠీలు విరిగాయి, అరెస్టులు జరిగాయి. అయినా ఇటువంటి పాఠశాలలు ఆ తరువాత కూడా కొనసాగాయి.

ఈ పాఠశాల తటస్థమైనది కాదు, కావాలని అనుకోనూ లేదు. అయితే దాని పక్షం బహిరంగం. వచ్చినవారు తామెక్కడికి వస్తున్నారో తెలిసి వచ్చారు. నిషేధించినవారే అభ్యాసకుని విచక్షణను శంకించారు. వయోజనుడు ఒక వాదాన్ని విని తనంతట తాను నిర్ణయించుకోలేడన్న సంరక్షక భావన ఆ ఉత్తర్వులో ఉంది. ప్రకటిత పక్షపాతం దాచిన పక్షపాతం కంటే నైతికంగా మెరుగు అనడానికి కొత్తపట్నం ఒక ఉదాహరణ.

ఇంతటితో ఆ నమూనాను ఆదర్శం అనలేం. ఒకే పక్షంవారు ఒకే పక్షంవారికి బోధించే తరగతిలో ప్రశ్నలు వస్తాయి, ఆక్షేపణలు రావు. సిద్ధాంతం నుంచి చర్యకు దారి ఏమిటన్న చర్చ సాగుతుంది. సిద్ధాంతమే తప్పయితే అన్న చర్చకు చోటు ఉండదు. కార్యకర్తలను తయారుచేయడం న్యాయమైన పనే. కాని దానికి శిక్షణ అనే పేరు సరిపోతుంది. విద్య అనడానికి అభ్యాసకుడు బోధకుణ్ణి వదిలి వేరే దారి పట్టే వీలు కూడా ఉండాలి. లాఠీ తినడం వల్ల ఒక పాఠశాలకు వచ్చే నైతిక గౌరవం, ఆ పాఠశాల లోపల ఎదురుమాటకు చోటు ఉందా అన్న ప్రశ్నకు సమాధానం కాదు.

7. రెండవ సందర్భం: నెల్లూరు, 1991-93

1978 అక్టోబరు 2న ప్రారంభమైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం అక్షరాస్యతతోపాటు వృత్తి సామర్థ్యాన్ని, సామాజిక చైతన్యాన్ని తన లక్ష్యాలుగా చెప్పుకుంది. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ ఏర్పడింది. అంటే రాజ్యమే తన ఖర్చుతో పౌరులను 'చైతన్యవంతులను' చేయబూనుకుంది. ఆ మాటకు రాజ్యం ఎంతవరకు కట్టుబడి ఉంటుందో నెల్లూరు జిల్లా పరీక్షించింది.

1991లో ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. వాచకంలోని కొన్ని పాఠాలు సారా వల్ల కుటుంబాలు పడే బాధను కథలుగా చెప్పాయి. 'సీతమ్మ కథ' అటువంటిది. సాయంత్రం తరగతిలో ఆ కథ చదివిన స్త్రీలు అది తమ కథేనన్నారు. తాగి వచ్చినవారు తరగతులకు అడ్డు తగలడం కూడా చర్చకు వచ్చింది. కలిగిరి మండలం దూబగుంటలో స్త్రీలు కలిసికట్టుగా సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఊరి ఉద్యమంతో రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఉద్యమం జిల్లా అంతటా వ్యాపించి సారా వేలంపాటలను అడ్డుకునే దాకా వెళ్ళింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చింది. 1997లో దాన్ని సడలించారు.

అక్షరాలు ఉద్యమాన్ని పుట్టించాయనడం అతిశయోక్తి. స్త్రీల బాధ వాచకానికి ముందు నుంచీ ఉంది. తరగతి వారికి ఇచ్చింది కలిసి కూర్చునే చోటు, వేర్వేరు ఇళ్ళలోని బాధలను ఒకే విషయంగా చూసే సందర్భం. తరగతి నడిపే ప్రభుత్వానికే సారా మీద గణనీయమైన రాబడి ఉండేది. మొగుణ్ణి మందలించుకోవాలన్న నీతి దగ్గర ఆగకుండా, ఊళ్ళో దుకాణం ఎవరు పెట్టించారన్న ప్రశ్న దగ్గరికి ఆ స్త్రీలు వెళ్ళారు. వాచకం రాయించిన వ్యవస్థ కోరుకున్న ముగింపును వారు దాటిపోయారు. బోధకుడు ఊహించని, ఒక్కోసారి కోరుకోని నిర్ణయానికి అభ్యాసకులు చేరగలగడమే విద్య జరిగిందనడానికి గుర్తు. ఆ అర్థంలో నెల్లూరులో జరిగింది విద్య.

ఇక్కడ మనల్ని మనం ఒక ఇబ్బందికరమైన ప్రశ్న అడుక్కోవాలి. నెల్లూరు తరగతిని మెచ్చుకునేది దాని పద్ధతి చూసా, దాని ఫలితం మనకు నచ్చినందువల్లనా? అదే వాచకం, అదే సమావేశం మనకు సమ్మతం కాని నిర్ణయానికి దారితీసి ఉంటే దాన్ని 'చైతన్యం' అని ఉండేవాళ్ళమా, 'రెచ్చగొట్టడం' అని ఉండేవాళ్ళమా? సారా మీద బతికిన చిన్న అమ్మకందారు ఆ తరగతిలో ఉండి ఉంటే అతని మాటకు చోటు ఉండేదా? అతని వాదం ఓడిపోయి ఉండవచ్చు, ఓడిపోవడం న్యాయం కూడా కావచ్చు. కాని వినకుండా ఓడించడం వాదం కాదు. తరగతిని కొలిచే ప్రమాణం ఫలితం పట్ల మన ఇష్టానికి అతీతంగా ఉండాలి. లేకపోతే విద్య గురించి మాట్లాడుతున్నామనుకుంటూ మన రాజకీయాల గురించే మాట్లాడుకుంటాం.

8. మూడవ సందర్భం: సెప్టెంబరు 17

హైదరాబాద్ సంస్థానం 1948 సెప్టెంబరులో భారత యూనియన్‌లో కలిసిన ఘటనను తెలంగాణలోని ఒక వయోజన తరగతిలో బోధించవలసి వచ్చిందనుకుందాం. మొదటి వాక్యంలోనే చిక్కు వస్తుంది. అది విమోచనమా, విలీనమా, విద్రోహమా? 2022లో కేంద్ర ప్రభుత్వం దాన్ని విముక్తి దినంగాను, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగాను జరిపాయి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ప్రజాపాలన దినోత్సవం అన్నది. ఒకే తేదీకి ఇన్ని పేర్లుండటం భాషావైవిధ్యం కాదు. ప్రతి పేరూ ఒక సిద్ధాంతం.

తరగతిలో కూర్చున్నవారికి ఈ విషయం పుస్తకంలో మొదటిసారి ఎదురయ్యేది కాదు. ఒకరి తాత వెట్టి చేశాడు. ఒకరి పెదనాన్న సాయుధ పోరాటంలో పాల్గొన్నాడు. ఒకరి ఇంట్లో రజాకార్ల దాడి జ్ఞాపకం ఉంది. ఒక ముస్లిం కుటుంబంలో సైనిక చర్య తర్వాతి రోజుల భయం జ్ఞాపకం ఉంది. పిల్లల తరగతికీ వయోజనుల తరగతికీ ప్రధానమైన తేడా ఇదే. ఇక్కడ విద్యార్థులు కథను మోసుకొని వస్తారు.

ఇటువంటి తరగతిలో బోధకుడు చేయవలసిన పనికి ఒక క్రమం ఉంది. ప్రమాణాలతో నిలబడే విషయాలను ముందు చెప్పాలి. సైనిక చర్య 13 నుంచి 17 వరకు సాగింది. నిజాం 1950 జనవరి 26 నుంచి రాజప్రముఖ్‌గా కొనసాగాడు. 1946లో ఊపందుకున్న సాయుధ పోరాటాన్ని కమ్యూనిస్టు పార్టీ 1951 అక్టోబరులో విరమించింది. సైనిక చర్య తర్వాతి హింసను విచారించిన పండిట్ సుందర్‌లాల్ బృందం 27 వేల నుంచి 40 వేల మంది మరణించి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. రజాకార్ల దౌర్జన్యాలు, భూస్వామ్య దోపిడీ కూడా చారిత్రక సత్యాలే. వీటిలో తన వాదానికి ఇబ్బంది కలిగించే ఏ ఒక్కదాన్ని వదిలినా బోధకుడు జల్పంలోకి జారినట్లే.

ఆ తర్వాత ఒక్కో పేరునూ పూర్వపక్షంగా, దాన్ని నమ్మేవారికి సమ్మతమైన రూపంలో చెప్పాలి. ఏ పేరు ఏ వాస్తవాన్ని ముందుకు తెస్తున్నదో, దేన్ని మరుగున పెడుతున్నదో అభ్యాసకులే చర్చించాలి. తన అభిప్రాయాన్ని బోధకుడు చివర చెప్పాలి, అది తన అభిప్రాయమని చెప్పి మరీ చెప్పాలి. ముందే చెబితే అతని హోదా మిగతావారి నోరు కట్టివేస్తుంది. అసలు చెప్పకపోతే అది వితండకు దారి తీస్తుంది. చెప్పిన తర్వాత తరగతి ముగియకూడదు. దానికి ఎదురు చెప్పే సమయం మిగలాలి.

జ్ఞాపకం విషయంలో మరొక జాగ్రత్త అవసరం. నైయాయికులు స్మృతిని ప్రమాణాలలో చేర్చలేదు; అది పూర్వానుభవం మీద ఆధారపడినది కనుక స్వతంత్ర జ్ఞానసాధనం కాదన్నారు. తరతరాలుగా వచ్చిన జ్ఞాపకాన్ని గౌరవించడమంటే పరిశీలన లేకుండా ఒప్పుకోవడం కాదు. అభ్యాసకుణ్ణి సమానుడుగా చూసేవాడు అతని మాటను కూడా పరీక్షకు పెడతాడు. 'పాపం, పెద్దాయన అలా అనుకుంటున్నాడు' అని పక్కన పెట్టడంలో మర్యాద కనిపిస్తుంది గాని గౌరవం లేదు.

9. ఎదురుమాటకు భాష

ఇంతవరకు చెప్పిన షరతులన్నీ భాష దగ్గర పరీక్షకు నిలుస్తాయి. తెలుగులో సంబోధనే అధికారాన్ని నిర్ణయిస్తుంది. బోధకుడు 'నువ్వు' అని, అభ్యాసకుడు 'అయ్యా, మీరు' అని మాట్లాడే తరగతిలో ఆక్షేపణకు వ్యాకరణమే అడ్డుపడుతుంది. ఊళ్ళో చదువు చెప్పే యువకుడు పెద్దకులం వాడై, ఎదుట కూర్చున్న ముసలమ్మ అతని ఇంటి పొలంలో కూలి చేసేదైతే చర్చకు కేటాయించిన గంట మాత్రమే ఆమెకు మాట ఇవ్వలేదు. పింఛను దరఖాస్తు మీద సంతకమో, పొదుపు సంఘం అప్పో ఆ బోధకుని చేతిలో ఉంటే వేబర్ చెప్పిన మౌనం మరో దారిలో తిరిగి వస్తుంది. ఆధారపడవలసిన అవసరం ఉన్నచోట స్వచ్ఛమైన వాదం లేదు. కనుక తరగతిని లబ్ధి పంపిణీ నుంచి వేరుచేయడం బోధనపద్ధతికి సంబంధించిన విషయంతోపాటు నీతికి సంబంధించిన విషయం కూడా.

పాఠ్యభాష మరొక ఇబ్బంది. విజ్ఞానచంద్రికా గ్రంథాలు జ్ఞానాన్ని తెలుగులోకి తెచ్చాయి. అయితే అవి గ్రాంథిక రచనలు. ఆ భాష చదివి అర్థం చేసుకోవచ్చు గాని, అదే భాషలో నోటితో ఎదురు చెప్పడం సామాన్యునికి సాధ్యం కాదు. గిడుగు వేంకట రామమూర్తి వ్యావహారిక భాష కోసం చేసిన వాదనను సాధారణంగా సాహిత్య వివాదంగా చదువుతాం. దానిలో పౌరసత్వానికి సంబంధించిన విషయం కూడా ఉంది: ఏ భాషలో వింటున్నామో ఆ భాషలో బదులు చెప్పగలగాలి.

ఈనాటి ప్రభుత్వ, పత్రికాభాషలలో ఈ సమస్య మరో రూపంలో ఉంది. 'భూములు సేకరించబడ్డాయి', 'నిర్ణయం తీసుకోబడింది' వంటి వాక్యాలలో కర్త కనిపించడు. వాడుక తెలుగు ఇటువంటి కర్మణి ప్రయోగాన్ని సహజంగా ఇష్టపడదు. సేకరించింది ఎవరో చెప్పమంటుంది. వర్తమాన వ్యవహారాల తరగతిలో ఒక వార్తను తీసుకుని అందులోని 'బడు' ధాతువు ఉన్న ప్రతి వాక్యాన్నీ కర్తతో తిరిగి రాయించడం చిన్న అభ్యాసంగా కనిపిస్తుంది. కాని కర్త ఎవరో తెలియకుండా ప్రశ్న ఎవరిని అడగాలో తెలియదు. ఈ అభ్యాసంలో బోధకుని పక్షం అవసరం లేదు, సత్యనిష్ఠ చాలు. తెలుగు శాఖల వ్యాకరణ పరిజ్ఞానం నేరుగా పౌరవిద్యకు ఉపయోగపడే చోటు ఇది. ద్రవ్యలోటు, సమాఖ్య, లౌకికత వంటి మాటలను నిర్వచనాలతో వదిలేయకుండా, వాటిని ఖండించడానికి కూడా పనికివచ్చే వాడుక మాటలలో చెప్పగలగడం మన శాఖలు చేపట్టదగిన పరిశోధన.

10. ముగింపు

వయోజనులకు చరిత్ర, రాజకీయాలు బోధించేవాడు అభిప్రాయం కలిగి ఉండటం దోషం కాదు. దాన్ని ఓటమికి అందకుండా దాచడం ఒక దోషం; ఓటమికి చోటివ్వకుండా ప్రకటించడం మరొక దోషం. మొదటిది వితండకు, రెండవది జల్పానికి దారి తీస్తుంది. వాదం సాధ్యమయ్యే తరగతికి కావలసినవి కొన్నే: వాస్తవాలలో ఏరివేత లేకపోవడం, ఎదుటిపక్షం దానిని నమ్మేవారి నోట వినిపించడం, బోధకుని మాట ఆఖరి మాట కాకపోవడం, అభ్యాసకుని బతుకు బోధకుని దయ మీద ఆధారపడకపోవడం, ఎదురు చెప్పడానికి అనువైన భాష ఉండటం.

ఈ షరతులు తరగతి గదికే పరిమితమైనవి కావు. విశ్వవిద్యాలయంలో బోధించే మనం పరిశోధక విద్యార్థులను చూస్తున్నాం. వారూ వయోజనులే, ఓటర్లే. మార్గదర్శకుని మాటకు ఎదురు చెప్పిన సిద్ధాంతవ్యాసం మన శాఖలలో ఎంత తరచుగా వస్తున్నది? ఊరి రాత్రిబడికి మనం పెట్టే ప్రమాణాన్ని మన పరిశోధనా సమావేశాలకు కూడా పెట్టుకోగలిగినప్పుడే, వయోజన విద్యను గురించి మాట్లాడే అర్హత మనకు ఉంటుంది.